నీటిరంగుల్లో పాత కట్టడాలు – 4వ పాఠం: పెచ్చులూడిన గోడ మీద ఏటవాలు ఎండ

గత పాఠంలో గీసిపెట్టుకున్న పెన్సిలు గీతల కాగితాన్ని బల్ల మీదికి తీసుకోండి. పైన చూరు, మధ్యలో పాత చెక్క తలుపు, దానికి ఎడమపక్కన సున్నపు పూత ఊడి ఇటుకలు బయటపడిన గోడ, ఇంతే అందులో ఉన్నది. ఎండ కుడివైపు పైనుంచి పడుతోందని అప్పుడే నిర్ణయించుకున్నాం. ఈ పాఠం పూర్తయ్యేదాకా దాన్ని మార్చవద్దు.

పాత గోడ అనగానే చాలామంది గోడంతా మచ్చలు, నెర్రెలు నింపేస్తారు. నేనూ కొన్నేళ్లు అదే చేశాను. ఆ గోడలు పాతబడినట్టు కాక అమ్మవారు పోసినట్టు కనిపించేవి. నిజానికి గరుకుదనం కంటికి తెలిసేది చిన్న చిన్న నీడల వల్లనే. ఎండ సూటిగా తగిలే చోట గుంటలు కూడా వెలుగుతో నిండి గోడ నున్నగా తోస్తుంది, చిక్కటి నీడలో గుంటకూ మిట్టకూ తేడా చెరిగిపోతుంది. గోడ ఉబ్బెత్తుగా ఉండి ఎండ దాన్ని రాసుకుంటూ జారిపోయే చోట మాత్రమే ప్రతి పెచ్చు అంచూ విడిగా కనిపిస్తుంది. కుంచె పనితనమంతా ఆ చోటికే దాచుకోవాలి.

ఆ గీతలున్నది 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువు) ఉన్న గరుకు కాగితం అయి ఉండాలి. యెల్లో ఓకర్ (మట్టి పసుపు), బర్న్ట్ సియెన్నా (ఎర్రటి గోధుమ), అల్ట్రామెరైన్ బ్లూ (ముదురు నీలం), ఈ మూడు రంగులు చాలు. అల్ట్రామెరైన్ రేణువులు నీరు ఆరేటప్పుడు కాగితపు గుంటల్లోకి దిగి నిలుస్తాయి కనుక గోడకు కావలసిన గరుకులో సగం అదే తెచ్చిపెడుతుంది. థాలో బ్లూ అనే మరో నీలానికి ఆ గుణం లేదు, పైగా కాగితానికి పట్టుకుంటే వదలదు.

బాగా పల్చన చేసిన ఓకర్‌తో గోడంతా ఒక పూత వేయండి. ఎండ సూటిగా తగిలే అంచులను మాత్రం తెల్లగా వదిలేయండి. పూత మీది నీటి మెరుపు తగ్గి, తడి ఇంకా ఉండగానే ఇటుకలున్న చోట సియెన్నా తాకిస్తే అంచులు మెత్తగా పాకుతాయి. మెరుపు పోకముందే తొందరపడితే రంగు అదుపు తప్పి గోడంతా పరుచుకుంటుంది.

ఇప్పుడు పెచ్చు ఊడిన గుంటను దగ్గరగా చూద్దాం. ఇటుకల కంటే సున్నపు పూత కాస్త ముందుకు ఉంటుంది. అందువల్ల గుంటకు పైన, కుడిపక్కన ఉన్న పూత అంచులు లోపలి ఇటుకల మీద సన్నని నీడ పడేస్తాయి. కింద, ఎడమపక్కన ఉన్న అంచులు ఎండకు ఎదురుగా ఉండి మెరుస్తాయి. మొదటి పూత ఆరాక ఆ నీడను సన్నని కుంచెతో గీయండి, మెరిసే అంచును ముట్టుకోవద్దు. ఒక పక్క నీడ, ఎదురు పక్క వెలుగు ఉంటేనే అది గుంట. చుట్టూ ఒకేలా నల్లటి గీత గీస్తే మరక. తరువాత రంగు ముంచిన కుంచెలోని నీటిని గుడ్డకు అద్ది, కుంచెను పడుకోబెట్టి, ఉబ్బెత్తు చోట వేగంగా ఒక్కసారి లాగండి. రంగు కాగితపు మిట్టలకే అంటుతుంది. మూడు నాలుగు చోట్లకు మించి ఈ పని చేయవద్దు.

చూరు నీడను అన్నీ పూర్తిగా ఆరాకే వేయాలి. అల్ట్రామెరైన్‌లో సియెన్నా కలిపి, ఆరితే పాలిపోతుంది కనుక అనుకున్నదానికంటే కాస్త చిక్కగా, ఒకే విడతలో వేసి వెనక్కి రాకండి; మళ్లీ రుద్దితే అడుగు రంగు లేచి బురదవుతుంది. నీడ అంచు స్కేలు పెట్టి గీసినట్టు ఉండకూడదు, గుంట మీదుగా పోయేటప్పుడు కాస్త కిందికి దిగాలి. నేల మీది వెలుగు పైకి తుళ్లి చూరు కిందికి చేరుతుంది కాబట్టి, తడి ఉండగానే అక్కడ ఒక చుక్క ఓకర్ వదిలితే నీడలోకి గాలి వచ్చినట్టుంటుంది.

తలుపుకు ఎక్కువ శ్రమ అక్కరలేదు. రంగు తడిగా ఉండగా గోటితో గీస్తే ఆ గాడిలోకి రంగు దిగి చెక్క పగులు నల్లగా వస్తుంది. పూర్తిగా ఆరాక బ్లేడు మొనతో గీకితే తెల్లటి గీత వస్తుంది. ఆంగ్ల చిత్రకారుడు టర్నర్ కూడా వెలుగు కోసం కాగితాన్ని గీకేవారు.

వచ్చే పాఠంలో పెంకుల కప్పు వేస్తాం. అంతలోపు అరచేతి అంత కాగితం మీద ఆ గుంటను రెండుసార్లు, ఒకసారి ఎండ కుడినుంచి, ఒకసారి ఎడమనుంచి పడేట్టు వేసి పక్కపక్కన పెట్టి చూడండి.