సీల్డ్ బ్యాటరీకి పాత ఛార్జర్‌తో ఛార్జింగ్ పెట్టడం ఎలా?

దాళ్వా (రబీ వరి) చేలో దోమ మందు కొడదామని పొద్దున్నే బ్యాటరీ పంపు భుజాన వేసుకుని గట్టెక్కుతాం. నాలుగో ట్యాంకుకే ధార సన్నబడిపోతుంది. ఇంటికొచ్చి చూస్తే పంపుతో ఇచ్చిన చిన్న ఛార్జర్ కాలిపోయి ఉంటుంది. అటక మీద మాత్రం నాన్నగారు ట్రాక్టరు బ్యాటరీకి వాడిన రేకు డబ్బా ఛార్జర్ ఉంటుంది. దాంతో పెట్టొచ్చా? పెట్టొచ్చు. కాకపోతే పక్కనే కూర్చోవాలి.

ఆ డబ్బాలో ఉండేది ఒక ట్రాన్స్‌ఫార్మరు, డయోడ్లు, ముల్లున్న ఆంప్‌మీటరు, అంతే. బ్యాటరీ నిండిన సంగతి దానికి తెలియదు. ఆన్‌లో ఉన్నంతసేపూ తోస్తూనే ఉంటుంది. కొన్నింట్లో వోల్టేజి 16, 17 దాకా పోతుంది. మూతలున్న ట్రాక్టరు బ్యాటరీ అయితే తట్టుకుంటుంది, తగ్గిన నీళ్ల బదులు డిస్టిల్డ్ వాటర్ పోసుకుంటాం. పంపులో ఉండే సీల్డ్ బ్యాటరీ, అంటే నీళ్లు పోసే మూతల్లేనిది, దాని సంగతి వేరు. లోపల పుట్టిన గ్యాసు మామూలుగా అక్కడే మళ్లీ నీరవుతుంది. హద్దు మీరి తోస్తే మాత్రం వాల్వు తోసుకుని బయటికి పోతుంది. పోయిన నీళ్లు పోయినట్టే. పైమూత ఊడబీకి సిరంజితో నీళ్లు పోసేవాళ్లను చూశాను, నాకైతే అది నచ్చదు.

ముందు బ్యాటరీ మీద రాసింది చదవండి. లిథియం అని ఉంటే ఇక్కడితో ఆపేయండి, ఈ ఛార్జర్ దాని దగ్గరికి కూడా రాకూడదు. లెడ్ యాసిడ్ అయితే 12 వోల్టులు, 8 ఏహెచ్ (ఆంపియర్ అవర్, బ్యాటరీలో ఎంత పడుతుందో చెప్పే లెక్క) అనో 12 ఏహెచ్ అనో ఉంటుంది. ఆ ఏహెచ్ అంకెలో పదో వంతు కరెంటు ఇస్తే భయం లేదు. అంటే 8 ఏహెచ్ బ్యాటరీకి 0.8 ఆంపియర్లు. ట్రాక్టరు ఛార్జర్ 5, 6 ఆంపియర్లు సునాయాసంగా తోసేస్తుంది. చిక్కంతా అక్కడే.

దానికి విరుగుడు బండి ఇండికేటర్ బల్బు, 12 వోల్టులు 10 వాట్లది. ఛార్జర్ ప్లస్ వైరుకీ బ్యాటరీ ప్లస్‌కీ మధ్యలో దాన్ని కలపండి. ఎంత తోసినా బల్బు దాటి వెళ్లేది సుమారు ఒక ఆంపియరులోపే. బ్యాటరీ ఖాళీగా ఉన్నప్పుడు బల్బు ఎర్రగా వెలుగుతుంది, నిండేకొద్దీ మసకబారుతుంది. పొరపాటున క్లిప్పులు తిరగేసి పెట్టినా భగ్గుమని మాడేది బల్బే. పాత ఛార్జర్లలో క్లిప్పుల రంగులు నమ్మొద్దు, ఎవరో ఎప్పుడో మార్చేసి ఉంటారు. మల్టీమీటరుతో ఏది ప్లస్సో చూసుకోండి. ఛార్జర్‌కి 6, 12 స్విచ్చి ఉంటే 12లో ఉందో లేదో కూడా చూడండి.

బ్యాటరీని పంపులోంచి బయటికి తీసే పెట్టండి. నేనొకసారి బద్ధకించి పంపులోనే ఉంచి, బల్బు కూడా లేకుండా రాత్రి తొమ్మిదింటికి పెట్టి పడుకున్నాను. తెల్లారి చూస్తే పక్కలు పూరీలా పొంగి అడుగున బిగుసుకుపోయింది. స్క్రూడ్రైవరుతో కెలికినా రాలేదు. చివరికి పంపు అడుగు కోశాం. బ్యాటరీ ఖరీదుకి అదొకటి తోడు!

గాలి తగిలే వసారాలో, చెక్క మీద పెట్టండి. గ్యాస్ స్టవ్వు ఉన్న గదిలో వద్దు, గోనె సంచి కప్పొద్దు. బయటికొచ్చే గ్యాసులో హైడ్రోజన్ ఉంటుంది, గాలిలో 4 శాతం చేరితే రవ్వ చాలు. బీడీ తర్వాత కాల్చుకోవచ్చు. ఒళ్లు పొంగినా, పగులున్నా, యాసిడ్ చెమ్మ కనిపించినా ఛార్జింగే పెట్టొద్దు.

క్లిప్పులు తగిలించాకే స్విచ్చి వేయాలి. తీసేటప్పుడు స్విచ్చి కట్టాకే క్లిప్పులు తీయాలి.

ఇక అరగంటకోసారి బ్యాటరీ టెర్మినల్స్ మీదే వోల్టేజి చూడండి. సగం ఖాళీ అయిన 8 ఏహెచ్ బ్యాటరీకి ఆరేడు గంటలు పట్టొచ్చు, బల్బు మసకబారేకొద్దీ ఇంకా ఆలస్యమవుతుంది. తొందరపడి బల్బు తీసేయకండి. 14.4 చేరిందా, ఆపేయండి. ఈ లెక్క 25 డిగ్రీల వేడికి. మే నెలలో మా కోనసీమ వసారాలో 38 ఉంటే 14.1 దగ్గరే కట్టేయడం మేలు. మధ్యమధ్యలో చేత్తో తాకి చూడండి. గోరువెచ్చన పర్లేదు, చెయ్యి పెట్టలేనంత వేడెక్కితే వెంటనే ఆపండి. బయటికి వెళ్లాల్సి వస్తే "నువ్వు చూస్తూ ఉండరా" అని పిల్లాడికి అప్పజెప్పొద్దు, స్విచ్చి కట్టేసి వెళ్లండి.

ఆపాక నాలుగైదు గంటలు వదిలేసి మళ్లీ చూడండి. 12.7 పైన నిలబడితే బాగా ఎక్కినట్టు. 10.5 దగ్గరే ఆగిపోతే ఆరు సెల్స్‌లో ఒకటి షార్ట్ అయిందనుకోవచ్చు. ఇక దానికి ఎంత పెట్టినా అంతే. బ్యాటరీ కొట్లో సీసం లెక్కన పాతది తీసుకుంటారు, కాలవలో పారేయొద్దు.

మంచి బ్యాటరీనైనా సార్వా (ఖరీఫ్) పనయ్యాక మూల పడేసి దాళ్వాకి తీయకండి. నిండుగా ఎక్కించి పెట్టి, రెండు నెలలకోసారి ఇలాగే మళ్లీ పెట్టండి. సముద్రం దగ్గరి ఊళ్లలో ఉప్పుగాలికి టెర్మినల్స్ చిలుము పడతాయి, తుడిచి కాస్త వాజలీన్ రాయండి.