వానలకు ముందు, ఆయిల్ ట్యాంకరు ఎక్కబోయే కుర్ర డ్రైవర్లకు

విశాఖలో పెట్రోలు నింపుకొని సాలూరు దాటి, సుంకి ఘాటీ (కొండదారి) ఎక్కి, పొట్టంగి మీదుగా ఒడిశాలోని కోరాపుట్, జయపురం బంకులకు వెళ్లే దారి ఇది. కొత్త డ్రైవరు భయమంతా ఎక్కేటప్పుడు లోడు మీదే ఉంటుంది. బంకులో దింపేశాక ‘ఖాళీ బండే కదా’ అని ఒళ్లు వదిలేస్తాడు. అక్కడే ప్రమాదం మొదలవుతుంది.

ముందు కాగితాలు. రవాణా బండి నడపాలంటే 20 ఏళ్లు నిండాలి. చిన్న బండి లైసెన్సు తీసుకుని ఏడాది గడవందే పెద్ద బండికి ఎల్‌ఎల్‌ఆర్ ఇవ్వరు. ఆపైన మూడు రోజుల హజార్డస్ (ప్రమాదకర సరుకుల) శిక్షణ ఉంటుంది. ఆ సరుకులు మోసే లైసెన్సు 3 ఏళ్లు చెల్లుతుంది, రెన్యువల్‌కు ఒక రోజు శిక్షణ మళ్లీ తీసుకోవాలి. ఇంగ్లీషుతో పాటు ఒక భారతీయ భాష చదవడం, రాయడం రావాలి. ఆ భారతీయ భాష తెలుగైనా చాలు. బండి మీద సరుకును తెలిపే నంబరు 1203 అని ఉంటే పెట్రోలు, 1202 అంటే డీజిలు. కేబిన్‌లో ఉండే ట్రెమ్ కార్డును (ప్రమాదం జరిగితే ఏం చేయాలో చెప్పే కార్డు) బయలుదేరే ముందే చదివి ఉంచుకోండి. మొదటి వానాకాలం స్టీరింగు పట్టకండి, పాత డ్రైవరు పక్కన కూర్చుని ఘాటీ నేర్చుకోండి.

ప్రతి కంపార్ట్‌మెంటూ నిండుగానో ఖాళీగానో ఉండాలి. సగం ఉన్నదాంట్లో పెట్రోలు మలుపు బయటి వైపుకు ఊగి బండిని లాగేస్తుంది. అందుకే వేగం మలుపుకు ముందే తగ్గించాలి, మలుపులో బ్రేకు తొక్కకూడదు.

బంకులో ఇంజను ఆపి, అన్నిటికంటే ముందు ఎర్తింగ్ వైరు (నిప్పురవ్వ పుట్టకుండా బండిలోని స్థిర విద్యుత్తును నేలలోకి పంపేది) తగిలించండి. చివరగా తీయాల్సిందీ అదే. పది, పదిహేను నిమిషాలు ఆగాకే డిప్ (కడ్డీతో ట్యాంకులో సరుకు మట్టం) చూడండి. ఉరుములు మొదలైతే అన్‌లోడింగ్ ఆపి ట్యాంకు పైనున్న మ్యాన్‌హోల్ మూసేయండి. మూత రబ్బరు చిరిగితే వాన నీళ్లు లోపలికి దిగుతాయి. ఇప్పటి పెట్రోల్లో కలిసే ఇథనాల్ ఆ నీటిని పట్టుకుని అడుగుకు చేరుతుంది, సరుకు పాడవుతుంది. ఆ రబ్బరు జూన్ రాకముందే మార్పించండి.

ఇక ఖాళీ బండి సంగతి. గాలిలో పెట్రోలు ఆవిరి సుమారు 1.4 నుంచి 7.6 శాతం మధ్య ఉన్నప్పుడే అంటుకుంటుంది. నిండు ట్యాంకులో ఆవిరి అంతకంటే చిక్కగా ఉంటుంది. ఖాళీ అయ్యాక గాలి చేరి సరిగ్గా ఆ పాళ్లకు రావచ్చు. కాబట్టి బండి పక్కన స్టవ్వు వెలిగించి వంట చేయకండి. సాలూరు షెడ్లో చిన్న బ్రాకెట్టుకైనా సరే, గ్యాస్ ఫ్రీ సర్టిఫికెట్ (ట్యాంకులో ఆవిరి లేదని ఇచ్చే కాగితం) లేకుండా వెల్డింగు ఒప్పుకోకండి. ఓనరు తొందరపెట్టినా ఒప్పుకోకండి.

దిగేటప్పుడు, ఏ గేరులో లోడుతో ఎక్కారో ఖాళీగానూ అదే గేరులో దిగండి. డీజిలు మిగులుతుందని న్యూట్రల్ వేస్తే ఇంజను పట్టు పోతుంది, భారమంతా బ్రేకుల మీదే పడుతుంది. డ్రమ్ములు కాలి లైనింగు పట్టు వదిలేస్తుంది. ఇవి గాలితో పనిచేసే బ్రేకులు, తొక్కిన ప్రతిసారీ గాలి ఖర్చవుతుంది, ఐడిలింగులో కంప్రెసరు దాన్ని అంత త్వరగా నింపలేదు. గాలి గేజీ ముల్లు ఎర్రభాగం వైపు దిగుతుంటే వెడల్పు ఉన్న చోట ఆపేయండి. రోజూ పొద్దున్నే ఎయిర్ ట్యాంకుల నుంచి నీళ్లు వదలాలి. తొలి వానలకు రోడ్డు మీది నూనె, దుమ్ము కలిసి సబ్బులా మారుతుంది. ఖాళీ బండి వెనక చక్రాల మీద పెద్దగా బరువు ఉండదు, అలాంటి మలుపులో ఎగ్జాస్ట్ బ్రేకు (ఇంజను పొగను అడ్డి బండిని నెమ్మదింపజేసేది) ఒక్కసారి పడితే చాలు, వెనక భాగం పక్కకు జారుతుంది. గేరు మలుపుకు ముందే దించుకోండి. పొట్టంగి దగ్గర మంచు కమ్మితే హై బీమ్ వేయకండి, ఆ వెలుగు మీ కళ్లలోకే తిరిగొస్తుంది.

బండి బోల్తా పడితే మొదట బ్యాటరీ కటాఫ్ తిప్పండి, తర్వాత 112కి ఫోను చేయండి. ఆవిరి గాలికంటే బరువు, పల్లానికీ కాలువలకీ పాకుతుంది. గాలి వచ్చే దిక్కున, ఎగువన నిలబడండి. డబ్బాలతో వచ్చే ఊరివాళ్లను ఎలాగైనా ఆపాలి. 2017లో పాకిస్తాన్‌లోని అహ్మద్‌పూర్ ఈస్ట్ దగ్గర పడిపోయిన ట్యాంకరు పెట్రోలు పట్టుకోవడానికి వెళ్లి 200 మందికి పైగా కాలిపోయారు. తెలుగులోనూ ఒడియాలోనూ అరవండి: మంట, దగ్గరికి రావద్దు, బీడీ ఆర్పండి. ఒడియాలో ఈ మూడు మాటలూ బయలుదేరే ముందే నోటికి నేర్చుకోండి.