పిల్లల చేత సొంత అనుభవం రాయించడం – 3వ పాఠం: రోజంతా వద్దు, ఐదు నిమిషాలు చాలు

గత పాఠంలో పిల్లల చేత నోటితో చెప్పించాం. ఈసారి వాళ్ళ చేతికి పెన్సిల్ ఇస్తాం. ఇది రెండు, మూడు తరగతుల వాళ్ళకు. ఒకటో తరగతి పిల్లలు బొమ్మ గీసి కింద ఒక్క వాక్యం రాసినా చాలు.

పత్తికొండ వైపు మూడో తరగతి పాప ఇలా రాసిందనుకోండి:

"మేము మా అవ్వతో జొన్నగిరి పోయినాము. వజ్రాలు ఎతికినాము. అన్నం తిన్నాము. వజ్రం దొరకలేదు. సాయంత్రం ఇంటికి వచ్చినాము. నాకు చాలా సంతోషం వేసింది."

తొలకరి పడిందంటే జొన్నగిరి, తుగ్గలి చేలల్లో జనం తలొంచుకుని నడుస్తుంటారని కర్నూలు వాళ్ళకు చెప్పక్కర్లేదు. వానకు పైమట్టి కొట్టుకుపోయి రాళ్ళు తేలతాయి. వాటిలో తళుక్కుమనే ఒక్కదాని కోసం వేరే జిల్లాల నుంచి కూడా వచ్చి వెతుకుతారు. అంత సందడి ఉన్న రోజు పాప కాగితంలో ఆరు ముక్కలైంది.

పాప తప్పేమీ లేదు. ఒత్తు ఎక్కడ, దీర్ఘం ఎక్కడ అని తడుముకుంటూ రాసే వయసు అది. వాక్యం సగంలో ఉండగానే మిగతా సగం మరిచిపోతారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా జరిగిందంతా రాయమంటే ఇంతకన్నా రాదు. అందుకే కాలాన్ని కుదిస్తాం. ఆ రోజులోంచి ఒక ఐదు నిమిషాలు తీసుకుంటాం.

ఏ ఐదు నిమిషాలో పాపే ఎంచుకోవాలి. "ఏది బాగుంది?" అని మాత్రం అడగకండి, "అంతా బాగుంది మేడం" అనేస్తారు. ఎప్పుడు భయమేసింది, ఎక్కడ నవ్వొచ్చింది, ఎవరు అరిచినారు అని అడగండి. నా ఓటు అరుపుకే. పెద్దవాళ్ళు అరిచిన సంగతి పిల్లలు అంత సులభంగా మరిచిపోరు.

"అక్కడ ఎవరు అరిచినారు పాపా?"

"మా అవ్వ మేడం."

"ఏమని?"

"ఒసే, దాన్ని పారెయ్యాకు అని."

"దేన్ని?"

"తెల్లరాయి మేడం, మెరిసింది. నేను ఇసిరేసినా. అవ్వ ఉరికిపోయి తెచ్చింది. సీసాపెంకు మేడం అది!"

ఇక ప్రశ్నలు ఆపేయండి. మనకు కష్టమైన పని ఇదే. నోరు ఊరుకోదు. "ముందు ఎక్కడికి పోయారో రాయి, ఎవరెవరు వచ్చారో రాయి" అని మొదలుపెడతాం. మనం చదువుకున్న వ్యాసాల్లోని ఉపోద్ఘాతం ఇంకా వదల్లేదు కదా! "అవ్వ అరిచిన కాడి నుంచే రాయి" అని చెప్పి పక్కకు వెళ్ళిపోండి. అప్పుడు కాగితం మీదికి ఇలాంటిది వస్తుంది:

"ఒసే, దాన్ని పారెయ్యాకు అని మా అవ్వ అరిచింది. నేను అప్పుడే రాయి ఇసిరేసినా. అవ్వ చీర ఎత్తిపట్టుకోని ఉరికింది. కొంగుతో తుడిచింది. ఎండకు పెట్టి చూసింది. అది సీసాపెంకు. అవ్వ నవ్వింది. నేను నవ్వలేదు. నాకు ఏడుపు వచ్చింది."

"చాలా సంతోషం" ఎటు పోయిందో చూడండి. ఆ రోజు ఏ ఊరికి పోయారో కావాలనుకుంటే తర్వాత ఒక్క వాక్యం చేర్పించవచ్చు.

'ఇసిరేసినా', 'ఉరికింది' లాంటివి మొదటి రాతలో ఎర్రసిరాతో కొట్టేయకండి. రెండోసారి రాసేటప్పుడు ఏదో ఒక రకం తప్పు మాత్రమే దిద్దండి, ఈ వారం ఒత్తులైతే ఒత్తులే. ఇక అవ్వ మాట జోలికి అసలు పోవద్దు. "దానిని పారవేయవద్దు" అని ఏ అవ్వా అరవదు.

"సెలవుల్లో ఎక్కడికి వెళ్ళావు?" అనే అంశం నేనైతే ఇవ్వను. ఎక్కడికీ పోని పిల్లలు క్లాసులో ఉంటారు. కోసిగి, మంత్రాలయం వైపు నుంచి గుంటూరు మిరప కోతలకు అమ్మానాన్నలతో వలస పోయి వచ్చిన పిల్లలూ ఉంటారు. వాళ్ళు చెప్పదలిస్తే చెప్పనివ్వండి. మౌనంగా ఉంటే తవ్వకండి, మేకపిల్ల గురించో ఉగ్గాని పొట్లం గురించో రాస్తారు.

ఇప్పుడు మీ అభ్యాసం. ఇది చదవండి:

"నిన్న కొళాయి రాలేదు. అమ్మ బోరింగు కాడికి పోయింది. నేనూ పోయినా. నీళ్ళు తెచ్చినాము. చాలా కష్టం."

ఈ బాబును అడగడానికి మూడు ప్రశ్నలు రాయండి. 'అవును', 'లేదు' అని జవాబొచ్చే ప్రశ్న ఉంటే కొట్టేయండి. "నీకు బాధేసింది కదా?" అంటూ జవాబు మీరే అందించే ప్రశ్ననూ కొట్టేయండి. మూడూ పోతే మళ్ళీ మూడు రాయండి.

తర్వాత మీ నిన్నటి రోజులోంచి ఐదు నిమిషాలు మీరే రాయండి. మొదటి వాక్యం ఎవరో ఒకరు అన్న మాట కావాలి. రాశాక 'తర్వాత', 'ఆ తర్వాత' ఎన్నిసార్లు వచ్చాయో చూసుకోండి. రెండు దాటితే ఇంకా రోజంతా రాస్తున్నట్టే, మళ్ళీ కుదించండి. 4వ పాఠంలో పిల్లలు ఒకరి రాత ఒకరికి చదివి వినిపిస్తారు. ముందుగా వాళ్ళకు వినిపించాల్సింది మీ కాగితమే, దాచిపెట్టుకోండి.