నవలను దగ్గరగా చదవడం – 4వ పాఠం: తయారుచేసినవాడి పోలికలు

పోయిన పాఠంలో కథ ఎవరి నోటి నుంచి వస్తోందో గుర్తుపట్టడం నేర్చుకున్నాం. ఈసారి రెండు పాత్రల మధ్య పోలిక పట్టుకోవడం చూద్దాం. దీనికి మేరీ షెల్లీ రాసిన గోథిక్ (భయం, చీకటి, రహస్యం నిండిన) నవల 'ఫ్రాంకెన్‌స్టైన్'ను మించింది నాకు కనబడలేదు. 1816 వేసవిలో జెనీవా సరస్సు దగ్గర దీన్ని మొదలుపెట్టేనాటికి ఆమెకు 18 ఏళ్లు. 1818లో రచయిత పేరు లేకుండానే లండన్‌లో అచ్చయింది. నేను చెప్పే అధ్యాయాల లెక్క 1831లో ఆమె సవరించి వేసిన ప్రతిది.

ఫ్రాంకెన్‌స్టైన్ అన్నది కథలోని భూతం పేరు కాదు, దాన్ని తయారుచేసి, ప్రాణం పోసి, వదిలేసిన యువకుడు విక్టర్ ఇంటిపేరు. ఆ జీవికి నవల మొత్తంలో పేరే లేదు. చాలామంది పొరపాటున భూతాన్నే ఆ పేరుతో పిలుస్తారు. తండ్రి ఇంటిపేరు బిడ్డకు వచ్చినట్టే కదా అనిపిస్తుంది నాకు.

నోటుపుస్తకంలో పేజీ మధ్యన గీత గీయండి. ఎడమవైపు విక్టర్, కుడివైపు అతను చేసిన జీవి. 'ఇద్దరూ ఒంటరివాళ్లు', 'ఇద్దరికీ పగ' అని మాత్రం రాయకండి. అవి నిజమే, కానీ నవల తెరవకుండానే చెప్పేయొచ్చు. ఒక వస్తువో, ఒక మాటో, ఒక దృశ్యమో రెండుచోట్లా కనబడిందా అని వెతకండి.

నేను ఒకటి చేసి చూపిస్తాను. రెండో అధ్యాయంలో విక్టర్‌కు 13 ఏళ్లు. కుటుంబమంతా థోనాన్ దగ్గరికి విహారానికి వెళ్తే, వాతావరణం బాగాలేక ఒకరోజు సత్రంలోనే ఉండిపోవాల్సి వస్తుంది. అక్కడ అనుకోకుండా కొర్నీలియస్ అగ్రిప్పా అనే పాతకాలపు మంత్రవిద్యల రచయిత పుస్తకం దొరుకుతుంది. ఇప్పుడు 15వ అధ్యాయానికి రండి. తిండికీ కట్టెలకీ అడవిలో తిరుగుతున్న జీవికి ఒక తోలుపెట్టె దొరుకుతుంది. అందులో ఇంగ్లీషు కవి మిల్టన్ కావ్యం 'పారడైజ్ లాస్ట్', ప్లూటార్క్ రాసిన ప్రాచీన గ్రీకు, రోమన్ ప్రముఖుల జీవితచరిత్రలు, జర్మన్ రచయిత గెటే నవల 'వెర్టర్' ఉంటాయి. చేతికి దొరికిందల్లా నిజమని నమ్మేస్తాడు పిల్లవాడు. ఆ జీవి కూడా అంతే, మిల్టన్ కావ్యాన్ని జరిగిన చరిత్ర అనుకుని చదువుతాడు.

పోలిక దొరికింది కదా అని ఆగిపోవద్దు. అది ఎక్కడ తెగిందో చూడండి, అసలు విషయం అక్కడుంటుంది. విక్టర్ తండ్రి పుస్తకం అట్ట లోపలి పేజీ చూసి, ఇది పనికిమాలిన చెత్త, టైమ్ వృథా చేసుకోకు అని వదిలేస్తాడు. ఆయన కాస్త ఓపిగ్గా వివరించి ఉంటే నా బతుకు ఇలా నాశనమయ్యేది కాదేమో అని విక్టర్ తర్వాత బాధపడతాడు. మరి జీవికో? ఆ ఒక్క ముక్క చెప్పేవాళ్లు కూడా లేరు. తనకు తండ్రి లాంటి విక్టర్ దగ్గర్నుంచి వచ్చిన చదువు ఒక్కటే. విక్టర్ ప్రయోగశాల నుంచి వస్తూ వస్తూ వేసుకొచ్చిన బట్టల జేబులో విక్టర్ రోజువారీ రాతలు ఉన్నాయి. తనను ఎంత అసహ్యంగా తయారుచేశారో అందులో చదువుకుంటాడు. తన తండ్రి తప్పు విక్టర్‌కు అంత స్పష్టంగా తెలుసు. అదే తప్పు తాను అంతకు ఎన్నో రెట్లు చేశానని మాత్రం అతనికి తట్టదు. నవలలో నన్ను అన్నిటికంటే ఎక్కువ కలచివేసేది ఇదే.

మాటల్లో పోలిక ఇంకా తేలిగ్గా దొరుకుతుంది. 8వ అధ్యాయం చివర్లో, విక్టర్ ఇంట్లో పనిచేసే, నిర్దోషి అయిన జస్టీన్ ఉరికి సిద్ధమవుతున్నప్పుడు, నా లోపల నరకాన్ని మోస్తున్నాను అంటాడు విక్టర్. 16వ అధ్యాయంలో, ఆసరా అనుకున్న కుటుంబం తరిమేశాక జీవి కూడా దాదాపు అవే మాటలు అంటాడు. ఇంగ్లీషు ప్రతి మీ దగ్గర ఉంటే రెండు వాక్యాలూ యథాతథంగా పక్కపక్కన రాసుకోండి. అనువాదకులు ఒక్కోచోట ఒక్కోలా రాస్తే పోలిక జారిపోతుంది.

ఈ వారం అభ్యాసం: 20వ అధ్యాయంలో, స్కాట్లండ్‌లోని ఆర్క్నీ దీవుల్లో, జీవి తనకు తోడుగా కావాలని అడిగిన, సగం తయారైన ఆడజీవిని విక్టర్ చీల్చేసే ఘట్టం చదవండి. తర్వాత 23లో విక్టర్ భార్య ఎలిజబెత్ చనిపోయిన పెళ్లిరాత్రి చదవండి. రెండుచోట్లా కిటికీని, వెన్నెలను, ఆ జీవి ముఖాన్ని గమనించి, ఎవరు ఎవరికి ఏం చేస్తున్నారో గీతకు అటూ ఇటూ రాయండి. వచ్చే పాఠం ఆ పేజీతోనే మొదలుపెడదాం.