ఎల్క్ వేటకు పాయింట్లు దాచుకునేవాళ్లకు ఓ కిటుకు

అమెరికాలో ఉంటూ ఎల్క్ (పెద్ద జాతి దుప్పి) వేట మీద మనసుపడ్డవాళ్లు ఎక్కువగా చేసే తప్పు ఒకటుంది. ఒకే రాష్ట్రంలో, పేరుమోసిన ఒకే ఏరియాకి ఏళ్ల తరబడి పాయింట్లు (వేట లైసెన్స్ డ్రాలో తగలనప్పుడు వచ్చేవి, తర్వాతి డ్రాలో ముందు వరుసలో నిలబెట్టేవి) దాచడం. ఇది చిట్టీ కట్టినట్టే అనుకుంటారు గానీ, చిట్టీకి గడువుంటుంది. ఇక్కడ మిగతావాళ్లూ దాస్తుంటారు కాబట్టి ఆ ఏరియాకి కావలసిన పాయింట్లు ఏటా పెరుగుతూ పోతాయి.

కొలరాడోలో నేను చేసేది ఇది. దరఖాస్తులో మొదటి ఛాయిస్‌గా పాయింట్ కోడ్ (లైసెన్స్ వద్దు, పాయింట్ మాత్రమే చాలు అని చెప్పే కోడ్) పెడతాను. రెండో ఛాయిస్‌గా పెద్దగా పోటీ లేని ఏరియాలో ఆడ ఎల్క్ లైసెన్స్ అడుగుతాను. రెండో ఛాయిస్‌లో తగిలితే పాత పాయింట్లు ఖర్చు కావు. అంటే ఆ ఏడు పాయింటూ వస్తుంది, అడవికీ వెళ్తాం. మొదటి ఛాయిస్‌గా కోడ్ బదులు లైసెన్సే అడిగి, అది తగిలితే మాత్రం దాచిన పాయింట్లు మొత్తం సున్నా!

న్యూ మెక్సికో, ఐడహోల్లో పాయింట్ల గోలే లేదు, ఉత్త లాటరీ. అదృష్టం పరీక్షించుకోవడానికి వాటిలో ఒకదానికి ఏటా అప్లై చేయండి.

ఒక షీట్‌లో రాష్ట్రం, పాయింట్లు, గడువు రాసుకోండి. బయటి రాష్ట్రాలవాళ్లకు వయోమింగ్ ఎల్క్ గడువు ఫిబ్రవరి మొదట్లోనే, కొలరాడోది ఏప్రిల్ మొదట్లో. సంక్రాంతికి ఫోన్‌లో రిమైండర్ పెట్టేసుకుంటే సరి. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి ఆ ఏడాది బ్రోషర్ చదవకుండా మాత్రం డబ్బు కట్టకండి.