కప్పల వివేరియానికి ఎల్‌ఈడీ లైటు: మొక్కల సంగతి తర్వాత, ముందు వేడి చూడండి

"లైటు మార్చాక మొక్కలు బ్రహ్మాండంగా ఉన్నాయి, కప్పలే బయటికి రావడం లేదు." డాలస్‌లో ఎనిమిదేళ్లుగా వివేరియంలో, అంటే మొక్కలు నాటిన గాజు తొట్టిలో, డార్ట్ ఫ్రాగ్‌లనే రంగురంగుల చిన్న కప్పల్ని పెంచుతున్నాను, ఈ మాట వినని నెల లేదు. నడినెత్తిన ఎండ పెట్టి రమ్మంటే ఎవరొస్తారు?

18 అంగుళాల పొడవు, అంతే వెడల్పు, 24 అంగుళాల ఎత్తున్న గాజు తొట్టికి తొట్టంత పొడవైన 6500 కెల్విన్ (పగటి వెలుగు లాంటి) తెల్ల ఎల్‌ఈడీ, డిమ్మర్, టైమర్, రెండు థర్మామీటర్లు చాలు. ఊదా రంగు గ్రో లైట్లు వద్దు. మొక్కలు పెరుగుతాయి, కాదనను. కానీ సురినామ్ నీలి కప్పను తెచ్చుకుని ఆ నీలం కనబడకుండా చేసుకోవడం దేనికి?

బ్రోమిలియాడ్లు (అనాస కుటుంబం మొక్కలు) పైన, ఫెర్న్‌లు కింద. ఒక పక్క ఆకులు గుబురుగా ఉండి నేల మీద నీడ పడాలి. టైమర్ రోజుకు 12 గంటలు వెలిగేలా పెట్టండి. ఈ కప్పల సొంతూళ్లు భూమధ్యరేఖకు దగ్గర, అక్కడ ఏడాదంతా పగలు ఇంచుమించు అంతే. రాత్రి నీలి లైటు అసలే వద్దు, ఇవి పగలు తిరిగి రాత్రి పడుకునే జీవాలు.

ఇక అందరూ చెడగొట్టేది ఇక్కడే. "ఎల్‌ఈడీ వేడెక్కదు కదా" అంటారు. వెలుగు కిందికి పోతుంది, వేడి లైటు వీపున చేరుతుంది. లైటును నేరుగా గాజు మూత మీద పెడితే ఆ వేడంతా మూతకు ఎక్కుతుంది. తేమ పోకూడదని మూత బిగించాం కాబట్టి లోపలి వేడికీ దారి ఉండదు. అందుకే కింద చెక్కముక్కలు పెట్టి లైటును రెండు అంగుళాలు పైకి లేపండి.

తర్వాత కప్పలు లేకుండా వారం రోజులు వెలిగించండి. ఒక థర్మామీటర్ తొట్టి లోపల పైన, ఒకటి కింద నేల మీది ఎండుటాకుల దగ్గర. లైటు వెలిగిన ఎనిమిది గంటలకు చూడండి. కింద 24, పైన 26 డిగ్రీల సెల్సియస్ ఉంటే బాగుంది. పైన 28 దాటితే డిమ్మర్ తగ్గించాలి. ఈ పరీక్ష చలికాలంలో చేస్తే లెక్కలోకి రాదు. నేను జనవరిలో చేసి మురిసిపోయాను. జూలైలో ఏసీ తగ్గించి రెండు రోజులు హ్యూస్టన్ వెళ్లొచ్చేసరికి తొట్టి పైన 31. కప్పలు రెండూ కొబ్బరిచిప్ప కింద తడి నాచులో దూరి బతికాయి, నా తెలివి వల్ల మాత్రం కాదు.

వెలుగు సగంతో మొదలుపెట్టి, రెండు వారాలకోసారి పది శాతం చొప్పున పెంచండి. అంతకన్నా తొందర వద్దు, మొక్క జవాబు నెమ్మదిగా చెబుతుంది. బ్రోమిలియాడ్ ఆకులు రంగు పోయి పొడుగ్గా సాగుతుంటే వెలుగు చాలడం లేదు. తెల్లటి మచ్చలొస్తే మాడుతోంది. గాజుకు పచ్చటి పాకుడు పడుతుంటే ఎక్కువైంది.

ఒంట్లో డీ3 విటమిన్ తయారయ్యేలా చేసే అతినీలలోహిత కిరణాల (యూవీబీ) లైటు నేను పెట్టను. మామూలు గాజు ఆ కిరణాల్ని దాదాపు లోపలికి రానివ్వదు. బదులుగా, కప్పలకు మేతగా వేసే పళ్ల ఈగలకు డీ3 కలిసిన కాల్షియం పొడి అద్ది వేస్తాను.

కప్పలను వదిలాక వారం ఆగండి, కొత్త చోట దాక్కోవడం మామూలే. ఆ తర్వాత కూడా పగలు బయట తిరగకపోతే డిమ్మర్ పది శాతం తగ్గించండి. బ్రోమిలియాడ్ ఎరుపు కాస్త వెలిసినా సరే.