స్థానిక సంస్థ వెబ్‌సైటు అందరికీ అందేలా
ధవళేశ్వరం బ్యారేజీ వద్ద గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు చేరి మొదటి ప్రమాద హెచ్చరిక వెలువడినప్పుడు, కోనసీమ లంకల్లో నివసించే చూపులేని వ్యక్తి కూడా ఆ ప్రకటనను తన ఫోనులో వినగలగాలి. అందువల్ల సంతకం చేసిన కాగితాన్ని స్కాన్ చేసి బొమ్మగా వెబ్‌సైటులో పెట్టి ఊరుకోకుండా, పాఠాన్ని అన్ని పరికరాలూ గుర్తించే యూనికోడ్ తెలుగులో టైపు చేసి ప్రచురించాలి. అచ్చుపనికి వాడే పాత డీటీపీ ఫాంట్లలో కూర్చిన పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చకపోతే, తెరపై పాఠాన్ని చదివి వినిపించే స్క్రీన్ రీడర్ దానిని అర్థంలేని అక్షరాలుగా చదువుతుంది. వెబ్‌పేజీని రూపొందించే హెచ్‌టీఎంఎల్ కోడులో పేజీ భాష తెలుగు అని తెలపాలి. చిత్రాలకు వివరణ రాయాలి. అక్షరాలకూ నేపథ్యానికీ మధ్య కాంట్రాస్ట్ (వెలుగులో తేడా) కనీసం 4.5:1 ఉండాలి. కార్యాలయాలకు ఎంతో ఇష్టమైన పరుగెత్తే అక్షరాల పట్టీని తొలగించడమే మేలు. ఇంటిపన్ను ఫారాన్ని మౌస్ లేకుండా కీబోర్డుతోనే పూర్తిచేసి చూడాలి. ఆపై ఉచితంగా లభించే ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్‌తో, వీలైతే దానిని నిత్యం వాడేవారి చేతనే, పరీక్ష చేయించాలి.